పుండులో తీసిన పురుగును పారేసే ముందు

ఈసారి మేము వ్రాస్తున్న విషయం భోజనానికి ముందు చదవదగినది కాదు. అయినా వ్రాయక తప్పదు. వానాకాలం మొదలైన దగ్గర నుండి చలికాలం వచ్చేవరకు మా సర్జికల్ వార్డుకు నెలకు ఒకరిద్దరైనా ఈ బాధతో వస్తూనే ఉంటారు. రోగి వెంట వచ్చినవారు ఓ.పి. బల్ల దగ్గర గొంతు బాగా తగ్గించి, "సిస్టరమ్మా, పుండుకు పురుగులు పట్టినయ్" అంటారు. ఆ మాట చెప్పడానికి వాళ్ళకు ఎంత సిగ్గో! మన భాషలో "పురుగులు పట్టి పోతావు" అనేది ఒక శాపం. తిట్లలో వాడుకునే మాట తమ ఇంటి మనిషికే నిజంగా జరిగితే ఎవరు తల ఎత్తుకొని చెప్పగలరు?

డాక్టర్లు దీనిని మయాసిస్ అంటారు. ఈగ పిల్లలు బ్రతికున్న మనిషి శరీరంలో గాని పశువు శరీరంలో గాని పెరగడమే ఈ జబ్బు. మేము చేసే పని అందరికీ తెలిసినదే. తెర వేస్తాము, కిడ్నీ ట్రే పెట్టుకుంటాము, డాక్టరుగారు చెప్పిన ప్రకారం టర్పెంటైన్ ఆయిలు తడిపిన గాజుగుడ్డ ఉంచుతాము. ఊపిరాడక పైకి వచ్చిన పురుగులను ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటిగా తీస్తాము. కేసు షీటులో "పురుగులు ఇన్ని తీయబడినవి" అని వ్రాస్తాము. ట్రేను ఆయమ్మ తీసుకుపోయి ఫినాయిల్‌లో పోస్తుంది. అంతటితో పని అయిపోయిందని అనుకుంటాము.

అంతటితో పని కాలేదని చెప్పడానికే ఈ వ్యాసం. ఆ ట్రేలో ఉన్నది ఏ ఈగ పిల్ల? ఈ ప్రశ్న వేయకుండా ట్రే ఒంపడం తప్పని మా అభిప్రాయం. కొన్నేళ్ళు మేము కూడా ఆ తప్పు చేసినవాళ్ళమే. కాబట్టి ఎవరినో వేలెత్తి చూపడానికి ఈ మాటలు వ్రాయడం లేదు.

ఒక కోడలికి మేము చేసిన అన్యాయం

కొంతకాలం క్రితం ఒక పెద్దాయనను తీసుకువచ్చారు. షుగరు జబ్బు ఉంది, కాళ్ళకు స్పర్శ తక్కువ. కాలివేళ్ళ సందున చిన్న పుండు. పైకి చూస్తే పావలా బిళ్ళంత. లోపల మాత్రం పురుగులు గుత్తిగా, తలలు లోపలికి, తోకలు బయటికి పెట్టుకొని నిలువుగా దిగబడి ఉన్నాయి. మొదటి రోజు ముప్ఫైకి పైగా తీశాము. మర్నాడు మళ్ళీ వచ్చాయి. మూడో రోజు కూడా వచ్చాయి.

వెంట వచ్చినది కోడలు. ఆమెను మేము బాగా మందలించాము. "ముసలాయనను ఎన్ని రోజులు గాలికి వదిలేశావమ్మా? పురుగులు పట్టేదాకా చూసుకోలేదా?" అన్నాము. వార్డులో నలుగురు వింటుండగానే అన్నాము. ఆమె తల వంచుకొని, "నాలుగు రోజుల కిందట గీసుకుపోయిందమ్మా, రోజూ కడుగుతనే ఉన్న" అన్నది. మేము నమ్మలేదు. నాలుగు రోజులకే ఇంత లోతు ఎలా పోతుందని అనుకున్నాము.

ఆ సమయంలో మా దగ్గర శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని పది పురుగులను సీసాలో వేసి ఉంచింది. ల్యాబు టెక్నీషియన్ తనకు తెలిసిన పశువైద్య కళాశాల అధ్యాపకులకు పంపించాడు. వారం రోజుల్లో జవాబు వచ్చింది. అది క్రైసోమియా బెజ్జియానా. ఆ ఈగ కుళ్ళిన మాంసం కోసం చూడదు. తాజా గాయం కోసమే చూస్తుంది. పిడుదు కుట్టినంత చిన్న గాటు దొరికినా దానికి చాలు. గుడ్లు పెట్టిన రోజులోపే పిల్లలు బయటికి వచ్చి బ్రతికున్న కండను తినడం మొదలుపెడతాయి. నాలుగు రోజుల్లో అంత లోతు పోవడం దానికి మామూలే.

అంటే ఆ కోడలు చెప్పినది అక్షరాలా నిజం. ఆ అధ్యాపకులు ఇంకొక ప్రశ్న కూడా అడగమన్నారు. ఇంట్లో పశువులేమైనా ఉన్నాయా, వాటికి పుండ్లున్నాయా అని. అడిగితే, గేదె ఈని పది రోజులైందని, దూడ బొడ్డుకు పురుగులు పడితే కలరా ఉండలు నలిపి పెట్టారని తెలిసింది. అప్పుడే పుట్టిన దూడ బొడ్డు ఈ ఈగకు ఎంతో ఇష్టమైన చోటు. పెద్దాయన మంచం వేసేది ఆ కొట్టం పక్కనే. వారు పశువుల డాక్టరుకు చూపించి దూడకు వైద్యం చేయించారు.

డిశ్చార్జి రోజున మేము ఆ కోడలి దగ్గరకు వెళ్ళి, అందరి ముందు అన్నమాటను అందరి ముందే వెనక్కి తీసుకున్నాము. ఆమె నవ్వి ఊరుకుంది. మాకు మాత్రం ఆ రోజు నుండి ట్రే ఒంపేముందు చేయి ఆగుతుంది.

చూడటానికి అక్కచెల్లెళ్ళు, గుణంలో వేరు

క్రైసోమియా జాతిలో మనకు ముఖ్యంగా తెలియవలసినవి రెండు. ఒకటి ఇప్పుడు చెప్పిన బెజ్జియానా. రెండవది మెగాసెఫాలా, అంటే పెద్ద తల ఈగ. రెండూ నీలి ఆకుపచ్చ రంగులో తళతళ మెరుస్తాయి. రెండూ మామూలు ఈగకంటే లావు. సంతలో ఎండు చేపల మీద, మరుగుదొడ్ల దగ్గర, చచ్చిన కుక్క మీద ముసిరే ఆ మెరుపు ఈగలు చాలావరకు మెగాసెఫాలా. అది కుళ్ళిన దాని మీద బ్రతుకుతుంది. మనిషి పుండులో దొరికితే, అక్కడ చచ్చిన కండ ఉండి, వాసన వచ్చి, ఆ వాసనకు వచ్చినదని అనుకోవాలి. బెజ్జియానా పిల్లలకు మాత్రం బ్రతికున్న శరీరమే కావాలి. శవం మీద అది పిల్లలను పెంచదు.

ఈ తేడా ఎంత పెద్దదో చూడండి. ఒకటి చచ్చిన కండకు వచ్చిన అతిథి. మరొకటి బ్రతికున్న కండను తినే దొంగ. పైపైన చూస్తే రెండూ ఒకే రంగు చీర కట్టిన అక్కచెల్లెళ్ళు.

తెలిసినవారు వాటిని ఎలా వేరు చేస్తారు? పెద్ద ఈగలైతే మగ ఈగ కన్ను చూస్తారు. మెగాసెఫాలా మగ ఈగ కంటిలో పైభాగపు పలకలు బాగా పెద్దవి, కింది భాగపువి చిన్నవి. రెంటికీ మధ్య గీత గీసినట్లు కనబడుతుంది. బెజ్జియానాలో పైవి కొంచెం పెద్దవైనా అటువంటి గీత ఉండదు. మన చేతికి దొరికేది మాత్రం ఈగ కాదు, పిల్ల. పిల్ల మెడ దగ్గర ఇరుప్రక్కలా చిన్న శ్వాస రంధ్రాలు వేళ్ళలాగా చీలి ఉంటాయి. బెజ్జియానాకు ఆ వేళ్ళు సాధారణంగా నాలుగు నుండి ఆరు. మెగాసెఫాలాకు పదికి పైగా. బెజ్జియానా ఒంటి చుట్టూ ముదురు రంగు ముళ్ళ పట్టీలు బలంగా ఉంటాయి. మరమేకుకు చుట్టూ గాడులు ఉన్నట్లు కనబడటం వల్లనే ఇంగ్లీషులో ఇటువంటి వాటికి స్క్రూవార్మ్ అని పేరు వచ్చింది. ఆ ముళ్ళ వల్లనే లాగితే త్వరగా ఊడి రావు. డ్రెస్సింగు చేసే సిస్టర్లకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు.

ఇక తోక వైపు చూస్తే ఊపిరి పీల్చే రెండు గుండ్రని పలకలు, వాటిలో గీతలు ఉంటాయి. ఈ గీతలు చాలా కథలు చెబుతాయి. మామూలు ఇంటి ఈగ పిల్లకు ఆ గీతలు పాము నడకలాగా మెలికలు తిరిగి ఉంటాయి. మెరుపు ఈగలకు తిన్నగా ఉంటాయి. మాంసపు ఈగలకు, అనగా ఒంటిమీద బూడిద, నలుపు గళ్ళు ఉండి గుడ్డు పెట్టకుండా నేరుగా పిల్లలనే విడిచే వాటికి, ఆ పలకలు లోతైన గుంటలో దాగి ఉంటాయి. పైగా గీతలు రెండు ఉంటే ఆ పిల్ల రెండవ దశలో ఉన్నట్లు, మూడు ఉంటే మూడవ దశలో ఉన్నట్లు. అంటే జాతితో పాటు వయసు కూడా తెలుస్తుంది.

వయసు తెలిస్తే తప్పించుకోలేము

వయసు సంగతి ఎందుకు చెబుతున్నామంటే, అది మా మెడకే చుట్టుకున్నది కాబట్టి.

ఇంకొకసారి మా వార్డులోనే స్పృహ లేకుండా పన్నెండు రోజులుగా ఉన్న ఒక రోగి నోటిలో పురుగులు కనబడ్డాయి. మా వాళ్ళలో ఒకరు వెంటనే "ఇంటి దగ్గర నుండే తెచ్చుకొని ఉంటారు" అన్నారు. ఈసారి మేమే సీసా తెప్పించాము. చూసిన వారు చెప్పినది: ఇది మాంసపు ఈగ పిల్ల, గీతలు రెండే ఉన్నాయి, ఒకటి రెండు రోజుల వయసు. పన్నెండు రోజుల కిందట ఇంటి దగ్గర పెట్టిన పిల్ల ఒకటి రెండు రోజుల వయసులో ఉండటం ఎలా సాధ్యం? కాబట్టి ఈగ వాలినది మా వార్డులో, మా కళ్ళ ముందు. ఆ మంచం దగ్గర కిటికీ జాలీ చిరిగి ఉన్నది. మధ్యాహ్నం షిఫ్టులో నోరు శుభ్రం చేసినట్లు షీటులో గుర్తు లేదు. ట్రే ఒంపేసి ఉంటే ఈ రెండు సంగతులూ బయటికి వచ్చేవి కావు. నింద ఇంటివారి మీదనే పడేది.

కుటుంబసభ్యులకు ఉన్నది ఉన్నట్లు చెప్పాము. చెప్పడం కష్టమే అయింది. జాలీలు మార్చాము. స్పృహ లేనివారికి, గొంతులో గొట్టం వేసినవారికి ప్రతి షిఫ్టులో నోరు, ముక్కు, చెవులు చూసి సంతకం పెట్టాలని నియమం చేశాము. పగలు నిద్రపోయే రోగికి దోమతెర వేయిస్తున్నాము. ఈగ పగటి పురుగు. దోమతెర రాత్రికి మాత్రమే అనుకోవడం పొరపాటు.

గుర్తుపట్టకపోతే ఎంత నష్టమో చరిత్ర చెబుతుంది

ఇది చిన్న విషయమని అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. అమెరికా ఖండాలలో కూడా మరమేకు పురుగు ఉన్నది. దాని పేరు కాక్లియోమియా హోమినివోరాక్స్. హోమినివోరాక్స్ అంటే మనుషులను తినేది అని అర్థం. ఫ్రెంచి నౌకాదళ వైద్యుడు చార్లెస్ కోక్వెరెల్, దక్షిణ అమెరికాలోని కయెన్ ప్రాంతంలో ఖైదీలకు పట్టిన పురుగులను చూసి 1858లో దానిని వర్ణించాడు. అదే ప్రాంతాలలో దానికి మరొక చెల్లెలు ఉన్నది, కాక్లియోమియా మాసెల్లేరియా. అది మన పెద్ద తల ఈగలాగే చచ్చిన పశువుల మీద పెరుగుతుంది. చాలా ఏళ్ళు అమెరికాలో ఈ రెంటినీ ఒకటిగానే భావించారు. దాని ఫలితం ఏమిటి? పశువుల కళేబరాలను కాల్చడం, మాంసం ఎర పెట్టి బోనుల్లో ఈగలను పట్టడం. పట్టినవి, చంపినవి చాలావరకు చెల్లెలు ఈగలు. అసలు దొంగ మాత్రం బ్రతికున్న ఆవుల పుండ్లలో హాయిగా పెరుగుతూనే ఉన్నది.

1933లో ఎమరీ కుషింగ్, వాల్టర్ ప్యాటన్ అనే ఇద్దరు ఈ రెండూ వేరువేరు జాతులని చూపించారు. ఈ ప్యాటన్ గారికి మన దక్షిణ భారతదేశంతో సంబంధం ఉన్నది. ఆయన ఇండియన్ మెడికల్ సర్వీసులో ఉండి, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు. క్రాగ్ అనే సహచరునితో కలిసి ఆయన వ్రాసిన వైద్య కీటకశాస్త్ర గ్రంథాన్ని 1913లో ప్రచురించినది క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ. మన మిషను ఆసుపత్రుల వారు గుర్తుంచుకోదగిన సంగతి ఇది. మన దేశంలో మనుషులకు, పశువులకు పట్టే బెజ్జియానా గురించి 1920లో వివరంగా వ్రాసినది కూడా ఆయనే. అంటే, మన వార్డుల్లో దొరికే పురుగును వేరుగా చూడటం నేర్చినవారే, తరువాత లివర్‌పూల్ వెళ్ళి, అమెరికా వారి చిక్కుముడి విప్పడానికి చేయి వేశారన్నమాట.

ఆ ముడి విడిన తరువాత ఏమి జరిగిందో చూడండి. నిప్లింగ్, బుష్‌లాండ్ అనే శాస్త్రజ్ఞులు అసలు దొంగ ఈగలను లక్షల కొద్దీ పెంచి, రేడియేషన్ పెట్టి గొడ్డుబోయేటట్లు చేసి గాలిలో వదిలే పద్ధతి కనిపెట్టారు. ఆడ ఈగ ఒక్కసారే జతకడుతుంది. ఆ ఒక్కసారి గొడ్డు మగఈగతో కడితే దాని గుడ్లు పొదగవు. 1954లో క్యురసావ్ దీవిలో ఇది నెగ్గింది. 2006 నాటికి పనామా వరకు ఆ ఈగ లేకుండా పోయింది. 1988లో అదే ఈగ సముద్రం దాటి ఆఫ్రికాలోని లిబియాలో కనబడింది. గుర్తుపట్టారు కాబట్టే, మెక్సికో నుండి గొడ్డు ఈగలను విమానాల్లో తెచ్చి, 1991 నాటికి అణచగలిగారు. చెల్లెలు ఈగను పెంచి వదిలి ఉంటే ఇదంతా జరిగేదా?

అలాగని నిశ్చింతగా ఉండే రోజులు కావివి. 2023 నుండి పనామాలో కేసులు ఒక్కసారిగా పెరిగి, ఆ పురుగు మధ్య అమెరికా దేశాల గుండా ఉత్తరానికి ప్రాకింది. 2024 నవంబరులో మెక్సికోలో మళ్ళీ బయటపడింది. మనుషులకు కూడా పట్టింది. మన పిల్లలు ఎందరో అమెరికాలో ఉన్నారు. ప్రయాణాలు చేస్తున్నారు. అక్కడ తిరిగి వచ్చినవారికి పుండులో పురుగు కనబడితే, అది మన ఊరి ఈగదా, ఆ దేశపు ఈగదా అని అడగవలసిన రోజులు ఇవి. ఆ దేశపు పురుగు బాగా ఎదిగిన దశలో తోక వైపు చర్మం కింద రెండు నల్లని గొట్టాలు కంటికి కనబడతాయి. దాని చెల్లెలికి అలా ఉండవు.

"పుండును పురుగే శుభ్రం చేస్తుంది కదా?"

ఈ మధ్య రోగుల బంధువులు ఈ ప్రశ్న కూడా వేస్తున్నారు. ఎక్కడో చదివామంటారు, ఫోనులో చూశామంటారు. వారు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. లూసిలియా సెరికాటా అనే పచ్చ ఈగ పిల్లలను ప్రయోగశాలలో క్రిములు లేకుండా పెంచి, లెక్కపెట్టి, చచ్చిన కండ ఉన్న పుండులో కట్టు కింద పెట్టి, రెండు మూడు రోజులకు తీసివేసే వైద్యం ఉన్నది. 2004లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. అయితే ఆ జాతిలోనే లూసిలియా కుప్రినా అనే మరొక ఈగ ఉన్నది. చూపుకు దాదాపు ఒకేలా ఉంటుంది. ఆస్ట్రేలియాలో బ్రతికున్న గొర్రెల చర్మం తిని వాటిని చంపే ఈగ అదే. ఇంత దగ్గర చుట్టాల మధ్యనే ఇంత తేడా ఉండగా, కొట్టంలో వాలిన ఏదో ఈగ పెట్టిన పిల్లలను "శుభ్రం చేస్తాయిలే" అని వదిలేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ముక్కులో పట్టిన బెజ్జియానా ఎముక దాకా, కంటి గూటి దాకా పోగలదు. కుష్ఠు వ్యాధి వల్ల ముక్కులో, పాదాల్లో స్పర్శ పోయినవారికి ఇది మరీ ప్రమాదం. వారికి పురుగు కొరికినా తెలియదు.

మాకు ఎదురయ్యే అభ్యంతరాలు

మా సిస్టర్లే అడుగుతారు: "ఏ ఈగ అయితే ఏమిటి మేడమ్, ఏదైనా తీసివేయవలసిందే గదా?" నిజమే. తీయడం ఆలస్యం చేయమని మేము అనడం లేదు. ముందు తీయాలి, టెటనస్ సూది చూడాలి, ఐవర్‌మెక్టిన్ వంటి మాత్రలు ఇవ్వాలో లేదో డాక్టరుగారు నిర్ణయించాలి. కాని జాతి తెలిస్తే తరువాతి పని మారుతుంది. బ్రతికున్న కండ తినేదైతే పైన శుభ్రంగా కనబడినా లోతున ఇంకా ఉంటాయని వరుసగా కొన్ని రోజులు వెతకాలి. ఇంట్లో పశువులను, కుక్కలను చూడమనాలి. కుళ్ళుకు వచ్చినదైతే చచ్చిన కండ తీయించడం, డ్రెస్సింగు ఎక్కడ తప్పిందో చూడటం ముఖ్యం.

"మేము నర్సులం, ఈగల పండితులం కాదు" అంటారు ఇంకొందరు. మేము మాత్రం పండితులమా? జనరల్ నర్సింగ్ డిప్లొమా చదివిన రోజుల్లో ఈగ గురించి మాకు చెప్పినది టైఫాయిడు, విరేచనాలు మోస్తుందని మాత్రమే. పేరు పెట్టడం మన పని కాదు. వేళ్ళు లెక్కపెట్టడం మైక్రోస్కోపు ముందు కూర్చున్నవారి పని. పనికివచ్చే విధంగా దాచి, పంపించడం మన పని. మూత్రం, కఫం సీసాలో పట్టి పంపడం లేదా? ఇదీ అంతే.

అందుకు మా వార్డులో పాటిస్తున్న పద్ధతి ఇది:

1. పది పురుగులైనా ఉంచాలి. పుండు అంచున కొన్ని, లోతున కొన్ని, పెద్దవి కొన్ని, చిన్నవి కొన్ని తీసుకోవాలి. బెజ్జియానా తవ్విన పుండు వాసనకు ఇతర ఈగలు కూడా వచ్చి గుడ్లు పెడతాయి. ఒకే పుండులో రెండు జాతులు ఉండవచ్చు.

2. బ్రతికున్న పురుగును నేరుగా స్పిరిట్‌లో వేయకూడదు. నల్లబడి ముడుచుకుపోతుంది. పొంగు వచ్చి దించిన వేడినీళ్ళలో అర నిమిషం ఉంచి, తరువాత 70 నుండి 80 శాతం ఆల్కహాలులో వేయాలి. ఫార్మలిన్ వద్దు. అందులో ఉంచితే తరువాత డి.ఎన్.ఏ. పరీక్షకు పనికిరాదు.

3. చీటీ మీద పెన్సిలుతో వ్రాసి సీసా లోపలే వేయాలి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. తేదీ, సమయం, ఐ.పి. నంబరు, ఊరు, పుండు ఉన్న చోటు, చేరి ఎన్ని రోజులైంది అనేవి ఉండాలి.

4. ఇంట్లో పశువులు, కుక్కలు ఉన్నాయా, వాటికి పుండ్లున్నాయా అని అడిగి కేసు షీటులో వ్రాయాలి.

5. మెడికల్ కాలేజీకి గాని పశువైద్య కళాశాలకు గాని పంపించాలి. జవాబు వచ్చాక ఆ కాగితాన్ని కేసు షీటుకు జతచేయాలి.

ఇందులో ఖర్చు అయ్యేది ఏమున్నది? ఒక సీసా, ఒక చీటీ, పది నిమిషాలు.

చివరిగా ఒక మాట

ఊళ్ళలో సీతాఫలం ఆకు నూరి పెట్టేవారు, కిరోసిన్ పోసేవారు, పశువులకు వాడే మందే మనిషికీ పూసేవారు ఇప్పటికీ ఉన్నారు. వారిని ఎగతాళి చేస్తే రేపు పుండు దాచిపెట్టి ఇంట్లోనే ఉండిపోతారు. అట్లా దాచినవారే ముక్కు, కన్ను పోగొట్టుకొని ఆలస్యంగా మన గుమ్మం ఎక్కుతారు. పురుగు పట్టడం పాపం వల్ల కాదు, శాపం వల్ల కాదు. ఒక ఈగ వాలడం వల్ల. ఆ ఈగ ఒక్కోసారి మన నిర్లక్ష్యం చూసి వాలుతుంది. ఒక్కోసారి ఎంత శుభ్రంగా ఉన్నా, చిన్న గాటు చూసి వాలుతుంది. ఏది జరిగిందో ఆ ట్రేలో ఉన్న పురుగు చెబుతుంది. అది చెప్పకముందే తీర్పు మనం చెప్పేస్తే, ఆ కోడలివంటివారు మన వార్డుల్లో తల వంచుకొని నిలబడవలసి వస్తుంది.

కాబట్టి సిస్టర్లారా, ఆయమ్మలారా, ఈ పత్రిక చదివే తోటి ఆసుపత్రుల వారలారా, మా మనవి ఒక్కటే. ట్రే ఒంపేముందు ఒక్క క్షణం ఆగండి. పది పురుగులు సీసాలో వేయండి. ఆ తరువాతనే ఇంటివారితో మాట్లాడండి.